ఆర్డర్లు వస్తున్నా లెక్కల్లో కనబడటం లేదా? ఆన్‌లైన్ షాపు ట్రాకింగ్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

సొంత వెబ్‌సైట్ పెట్టుకుని చీరలో, పచ్చళ్లో, నగలో అమ్ముతూ గూగుల్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ యాడ్స్ నడిపే చిన్న షాపులవాళ్ల కోసం రాసిన పేజీ ఇది. షాపిఫై, వూకామర్స్ వాడేవాళ్ల నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్నలే ఇక్కడున్నాయి. కోడింగ్ రాకపోయినా చదవొచ్చు. కొన్ని జవాబులు మాత్రం మీ డెవలపర్‌కు చూపించాల్సి వస్తుంది.

షాపు అడ్మిన్‌లో నిన్న 40 ఆర్డర్లున్నాయి. అనలిటిక్స్ 27 అంటోంది, మెటా (ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ యాడ్స్) 35, గూగుల్ యాడ్స్ 18. మెటా, గూగుల్ కలిపితేనే 53 అయింది. ఏది నమ్మాలి?

మీ ఆర్డర్ల జాబితానే నమ్మాలి. డబ్బు బ్యాంకులో పడేది, పార్శిల్ కట్టేది దాని ప్రకారమే కదా. మిగతా మూడూ లెక్కపెట్టే పద్ధతే వేరు.

గూగుల్ అనలిటిక్స్ (ఇప్పుడున్నది జీఏ4, పాతది 2023 జులై 1 నుంచి లెక్కలు తీసుకోవడం మానేసింది) తన దాకా వచ్చిన ‘పర్చేజ్’ ఈవెంట్లను (అమ్మకం జరిగిందని సైటు పంపే కబుర్లను) మాత్రమే లెక్కపెడుతుంది. మెటా మామూలు సెట్టింగ్‌లో అయితే, యాడ్ నొక్కి 7 రోజుల్లోపు కొన్నవాళ్లనూ, నొక్కకుండా ఊరికే చూసి ఒక రోజులోపు కొన్నవాళ్లనూ తన ఖాతాలో వేసుకుంటుంది. గూగుల్ యాడ్స్ మామూలుగా 30 రోజుల వెనక్కి చూస్తుంది. పైగా అమ్మకాన్ని క్లిక్ జరిగిన రోజు కింద రాస్తుంది. సోమవారం యాడ్ నొక్కి గురువారం కొన్న మనిషి జీఏ4లో గురువారం కింద, గూగుల్ యాడ్స్‌లో సోమవారం కింద కనిపిస్తాడు. అందుకే నిన్నటి గూగుల్ యాడ్స్ అంకె వచ్చే వారానికి పెరిగి ఉంటుంది.

ఒకావిడ ఇన్‌స్టాలో మీ రీల్ యాడ్ నొక్కి, సాయంత్రం గూగుల్‌లో షాపు పేరు వెతికి, అక్కడా యాడ్ నొక్కి కొన్నారనుకోండి. ఆర్డరు ఒకటే, క్రెడిట్ ఇద్దరూ తీసుకుంటారు. కాబట్టి 53 రావడం దానంతట అదే తప్పు కాదు. మీరు చూడాల్సింది 40కి 27 ఎందుకొచ్చిందని. తప్పిపోయిన ఆ 13 ఆర్డర్ల దగ్గరే పని మొదలవుతుంది.

ఎంత తేడా ఉంటే టెన్షన్ పడాలి?

నూటికి నూరు ఎప్పటికీ కలవదు. యాడ్ బ్లాకర్లు పెట్టుకునేవాళ్లుంటారు, సిగ్నల్ లేక పేజీ సగంలో ఆగిపోయేవాళ్లుంటారు. పదింట ఒకటి తప్పిపోతే నేనైతే దాని జోలికి పోను. ఆ ఒక్కదాని కోసం డెవలపర్‌కు ఇచ్చే డబ్బు కొత్త ఫొటోలకు పెట్టుకోవడం మేలు.

తేడా ఎంత ఉందన్న దానికంటే అది నిలకడగా ఉందా లేదా అన్నది ముఖ్యం. ప్రతి వారం పదో వంతు తప్పుతుంటే అది మీ షాపు స్వభావం. పోయిన వారం దాకా పదో వంతు తప్పి, ఈ వారం సగం తప్పుతుంటే ఏదో తెగింది. అనలిటిక్స్ అంకె ఆర్డర్ల కంటే ఎక్కువ చూపిస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు. తక్కువ చూపించే ట్రాకింగ్ యాడ్స్‌ను బెదరగొడుతుంది, ఎక్కువ చూపించేది మీ డబ్బు తగలేస్తుంది.

తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

చాలామంది ముందు ట్యాగ్ మేనేజర్ (ట్యాగ్‌లను, అంటే ట్రాకింగ్ కోడ్‌లను, ఒకచోట పెట్టే గూగుల్ టూల్) తెరుస్తారు. అది చివర్లో చేయాల్సిన పని. ముందు రెండు జాబితాలు తీయండి.

ఒకటి, షాపు అడ్మిన్ నుంచి పోయిన రెండు వారాల ఆర్డర్లు: ఆర్డరు నంబరు, తేదీ, మొత్తం, పేమెంట్ పద్ధతి. రెండోది, జీఏ4 ఎక్స్‌ప్లోర్‌లో అదే కాలానికి ట్రాన్సాక్షన్ ఐడీల పట్టిక. రెంటినీ ఒకే షీట్‌లో పక్కపక్కన పెట్టి వీలుకప్ (జాబితాలను సరిపోల్చే ఫార్ములా) వేస్తే ఏ ఆర్డర్లు తప్పిపోయాయో పేరుపేరునా తేలుతుంది. నిన్న, మొన్న మాత్రం వదిలేయండి. జీఏ4 లెక్కలు పూర్తిగా సర్దుకోవడానికి 24 నుంచి 48 గంటలు పడుతుంది.

తప్పిపోయిన ఆర్డర్లను ఇప్పుడు పేమెంట్ పద్ధతి ప్రకారం వరుసలో పెట్టండి. సీఓడీ (క్యాష్ ఆన్ డెలివరీ) ఆర్డర్లన్నీ ఉండి యూపీఐవి తప్పిపోతుంటే గొడవ పేమెంట్ గేట్‌వే (రేజర్‌పే లాంటిది) నుంచి వెనక్కి వచ్చే దారిలో ఉంది. అన్ని పద్ధతుల్లోనూ సమానంగా తప్పుతుంటే ట్యాగ్ ఆలస్యంగా లోడవుతోందని అనుమానించాలి. ఫలానా తేదీ తర్వాత ఒక్కటీ లేకపోతే ఆ రోజు థీమ్ మార్చారా, ప్లగిన్ అప్‌డేట్ చేశారా అని చూడండి. పెద్ద మొత్తాల ఆర్డర్లు ఉండి కూడా విలువ ఒక రూపాయిగా కనబడితే ఆ కథ వేరే, కింద చెప్పాను. ఐఫోన్ కస్టమర్లవే తప్పిపోతుంటే మరో కథ, అదీ కిందే ఉంది.

గంటన్నరలో అయ్యే పని. ‘అనలిటిక్స్ పనిచేయడం లేదండీ’ అని డెవలపర్‌కు చెప్పడం వేరు, ‘ఆగస్టు 12 నుంచి ఫోన్‌లో యూపీఐతో కట్టిన ఆర్డర్లు మాత్రమే రావడం లేదు’ అని చెప్పడం వేరు. రెండోది విన్నవాడు రెండు మూడు రోజుల వెతుకులాట తప్పించుకుంటాడు.

మా దగ్గర అదే జరిగింది. యూపీఐ ఆర్డర్లే తప్పిపోతున్నాయి. ఎందుకు?

మన దేశంలో ఆన్‌లైన్ షాపులకు ఇదే అతి మామూలు జబ్బు. అమెరికావాళ్లు రాసిన సాయం పేజీల్లో మాత్రం దీని ఊసు దొరకదు.

దాదాపు అన్ని షాపుల్లోనూ పర్చేజ్ ఈవెంట్, డబ్బు కట్టాక వచ్చే థ్యాంక్యూ పేజీ తెరుచుకున్నప్పుడు వెళ్తుంది. కార్డుతో కట్టేవాళ్లు ఓటీపీ కొట్టాక ఆ పేజీకి తిరిగి వస్తారు. యూపీఐలో అలా కాదు. ఫోన్‌లో మీ సైటు చూస్తున్న కస్టమర్ ఫోన్‌పేనో గూగుల్ పేనో నొక్కగానే బ్రౌజర్ వదిలి ఆ యాప్‌లోకి వెళ్లిపోతారు. పిన్ కొడతారు, పచ్చ టిక్ వస్తుంది, డబ్బు కట్ అయిన మెసేజ్ వస్తుంది. వాళ్లకు సంబంధించినంత వరకు పని అయిపోయింది. బ్రౌజర్‌కు తిరిగి రావాల్సిన అవసరం ఏముంది? వచ్చినా, మెమరీ తక్కువున్న ఫోన్లలో ఆ ట్యాబ్ ఈలోపు మూసుకుపోయి ఉంటుంది. కంప్యూటర్‌లో క్యూఆర్ స్కాన్ చేసి కట్టినవాళ్లదీ ఇదే దారి. ఫోన్‌లో టిక్ చూసి ల్యాప్‌టాప్ మూసేస్తారు.

ఇన్‌స్టాగ్రామ్ నుంచి వచ్చినవాళ్లతో ఇంకో చిక్కు. యాడ్ నొక్కితే తెరుచుకునేది క్రోమ్ కాదు, ఇన్‌స్టా యాప్ లోపలి బ్రౌజర్. అందులోంచి యూపీఐ యాప్ సరిగా తెరుచుకోక కొందరు లింకు కాపీ చేసి క్రోమ్‌లో పెట్టుకుని కడతారు. క్రోమ్‌కు వాళ్లు కొత్త మనుషులు. ఆర్డరు లెక్కలోకి వచ్చినా ‘డైరెక్ట్’ కింద వస్తుంది, యాడ్‌కు క్రెడిట్ రాదు.

గేట్‌వే మాత్రం డబ్బు అందిందని మీ సర్వర్‌కు వెబ్‌హుక్ (సర్వర్ నుంచి సర్వర్‌కు తనంతట తనే వెళ్లే మెసేజ్) ద్వారా చెబుతుంది. అందుకే ఆర్డరు అడ్మిన్‌లో ‘పెయిడ్’ అని పడుతుంది. ఆ కబురు అనలిటిక్స్‌కు చేరదు, అంతే.

మరి దీన్ని సరిచేసేదెలా?

వెబ్‌హుక్ వచ్చిన చోటి నుంచే, అంటే మీ సర్వర్ నుంచే, పర్చేజ్ ఈవెంట్ పంపాలి. జీఏ4కు దానికోసం మెజర్‌మెంట్ ప్రోటోకాల్ ఉంది, మెటాకు కన్వర్షన్స్ ఏపీఐ ఉంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ కస్టమర్ ఏ యాడ్ నుంచి వచ్చారో సర్వర్‌కు తెలియదు. ఆ గుర్తులు కస్టమర్ బ్రౌజర్‌లోని కుకీల్లో ఉంటాయి. అందుకని కస్టమర్ గేట్‌వేకు వెళ్లకముందే, చెక్‌అవుట్ బటన్ నొక్కిన క్షణంలో, ఆ గుర్తులను తీసి ఆర్డరుతో పాటు దాచుకోవాలి: జీఏ4 క్లయింట్ ఐడీ, సెషన్ ఐడీ, గూగుల్ యాడ్స్ జీక్లిడ్, మెటావి ఎఫ్‌బీపీ, ఎఫ్‌బీసీ. వూకామర్స్‌లో ఆర్డర్ మెటాలో పెట్టొచ్చు, షాపిఫైలో కార్ట్ అట్రిబ్యూట్లలో పెట్టొచ్చు. రేజర్‌పే ఆర్డర్లలో ‘నోట్స్’ అని ఒక చోటు ఉంటుంది, అందులోనూ పెట్టొచ్చు. సెషన్ ఐడీ మరిచిపోతే అమ్మకం చేరుతుంది గానీ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియక ‘అన్‌అసైన్డ్’లో పడుతుంది.

నేను సూచించే ఏర్పాటు ఇది. థ్యాంక్యూ పేజీ తెరుచుకుంటే మామూలుగా బ్రౌజర్ నుంచే ఈవెంట్ పోనివ్వండి, పోయినట్టు ఆర్డరుపై ఒక గుర్తు వేయండి. అరగంట తర్వాత సర్వర్ ఒకసారి చూసి, డబ్బు అందినా గుర్తు లేని ఆర్డర్లను తానే పంపుతుంది. రెండు దారుల్లోనూ ట్రాన్సాక్షన్ ఐడీ ఒక్కటే ఉండాలి. మరీ ఆలస్యం చేయొద్దు. జీఏ4 72 గంటల కంటే పాత ఈవెంట్లను సరిగా తీసుకోదు.

జీఏ4లో అమ్మకాలన్నీ గేట్‌వే వెబ్‌సైట్ నుంచి వచ్చినట్టు చూపిస్తోంది. యాడ్స్‌కు ఒక్కటీ లేదు.

కస్టమర్ మీ సైటు నుంచి గేట్‌వే పేజీకి వెళ్లి తిరిగి వస్తే, జీఏ4 దాన్ని కొత్త రిఫరల్ (వేరే సైటు పంపిన మనిషి) అనుకుంటుంది. అడ్మిన్‌లో డేటా స్ట్రీమ్ తెరిచి, ట్యాగ్ సెట్టింగ్స్‌లో ‘అన్‌వాంటెడ్ రిఫరల్స్’ జాబితాలో గేట్‌వే డొమైన్‌ను చేర్చండి. గేట్‌వేతో పాటు త్రీడీ సెక్యూర్ (కార్డుకు ఓటీపీ అడిగే పద్ధతి) కోసం తెరుచుకునే బ్యాంకుల డొమైన్లు కూడా రిఫరల్ రిపోర్టులో కనిపిస్తాయి, వాటినీ చేర్చండి. అయిదు నిమిషాల పని. పాత లెక్కలు మాత్రం మారవు.

దీనికి తిరగబడిన సమస్య మాది. ఒకే ఆర్డరు రెండుసార్లు, ఒక్కోసారి మూడుసార్లు పడుతోంది.

దాదాపు ప్రతిసారీ కారణం ఒకటే: ఒకే పని ఇద్దరు ముగ్గురికి అప్పజెప్పడం. పాత ఏజెన్సీ థీమ్ ఫైల్‌లో పిక్సెల్ కోడ్ (పేజీలో పెట్టే ట్రాకింగ్ కోడ్) పెట్టింది. తర్వాత ఎవరో ప్లగిన్ వేశారు. ఆ తర్వాత ఇంకెవరో ట్యాగ్ మేనేజర్‌లో మళ్లీ పెట్టారు. మూడూ బతికే ఉన్నాయి. థ్యాంక్యూ పేజీ తెరిచి, క్రోమ్‌లో డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ చూస్తే ఎన్ని పర్చేజ్‌లు వెళ్తున్నాయో కళ్లముందే కనిపిస్తుంది. ఏది ఉంచాలన్నది మీ ఇష్టం, ఒక్కటే ఉండాలి.

రెండో కారణం, కస్టమరే ఆ పేజీని మళ్లీ తెరవడం. ఆర్డరు ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవడానికి వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కుతారు. అది థ్యాంక్యూ పేజీకే వెళ్తే మళ్లీ ఈవెంట్ పోతుంది. ట్రాన్సాక్షన్ ఐడీ సరిగా పంపితే ఒకే యూజర్ నుంచి వచ్చిన రెండో ఈవెంట్‌ను జీఏ4 తీసేస్తుంది. గూగుల్ యాడ్స్ కూడా ఒకే కన్వర్షన్ యాక్షన్‌లో (కన్వర్షన్ అంటే యాడ్ వల్ల జరిగిన అమ్మకం) ఒకే ఐడీ రెండుసార్లు వస్తే ఒకటే లెక్కపెడుతుంది. మెటాకు ట్రాన్సాక్షన్ ఐడీ చాలదు. పిక్సెల్ నుంచి వచ్చేదానికీ సర్వర్ నుంచి వచ్చేదానికీ ఈవెంట్ పేరు, ఈవెంట్ ఐడీ రెండూ కలవాలి, అదీ 48 గంటల్లోపు. ఆర్డరు నంబరునే ఈవెంట్ ఐడీగా వాడితే గొడవే ఉండదు.

ఇక్కడ ఒక వింత కూడా ఉంది. కోడ్ తప్పు వల్ల ట్రాన్సాక్షన్ ఐడీ ఖాళీగా వెళ్తుంటే, ఖాళీ ఐడీలన్నీ ఒకటేననుకుని జీఏ4 వాటిని కలిపేస్తుంది. అమ్మకాలు ఉన్నట్టుండి పాతాళానికి పడిపోతే ముందు ఇదే చూడండి.

మూడో కారణం గూగుల్ యాడ్స్‌లో. జీఏ4 నుంచి దిగుమతి చేసుకున్న పర్చేజ్, సొంత యాడ్స్ ట్యాగ్ పర్చేజ్ రెండూ ‘ప్రైమరీ’గా, అంటే అసలు లెక్కలోకి వచ్చేవిగా, ఉంటాయి. ఒకదాన్ని ‘సెకండరీ’ చేయండి. నేనైతే యాడ్స్ ట్యాగ్‌ను ప్రైమరీగా ఉంచి, జీఏ4ది సరిచూసుకోవడానికి మాత్రమే ఉంచుతాను.

ఆర్డర్ల సంఖ్య కలుస్తోంది, రూపాయలు కలవడం లేదు.

విలువలో దొర్లే తప్పులు మూడు రకాలు. మూడూ మన దగ్గర బాగా కనిపించేవే.

మొదటిది కామా. పేజీలో ‘1,299’ అని రాసిన ధరను అలాగే తీసి జావాస్క్రిప్ట్‌లో పార్స్‌ఫ్లోట్‌కు ఇస్తే అది కామా దగ్గర ఆగిపోయి 1 అంటుంది. ₹1,299 చీర అనలిటిక్స్‌లో ఒక రూపాయి చీర. ₹12,499 పట్టుచీర 12 రూపాయలు. ముందు ₹ గుర్తు కూడా ఉంటే అసలు అంకే కాదంటుంది. కానీ 999 లోపు వస్తువులన్నీ సరిగ్గా కనిపిస్తాయి కాబట్టి నెలల తరబడి ఎవరికీ అనుమానం రాదు. ఈలోపు గూగుల్ బిడ్డింగ్ (ఎవరికి యాడ్ చూపించడానికి ఎంత కట్టాలో తనే తేల్చుకునే పద్ధతి) పట్టుచీరలు కొనేవాళ్లను వదిలేసి జాకెట్ ముక్కలు కొనేవాళ్ల వెంట పడుతుంది.

రెండోది పైసలు. రేజర్‌పే లాంటి గేట్‌వేలు మొత్తాన్ని పైసల్లో చెబుతాయి. 1,299 రూపాయలు అక్కడ 129900. వెబ్‌హుక్‌లో వచ్చిన అంకెను వందతో భాగించకుండా అలాగే పంపితే మీ యాడ్స్ రాబడి వంద రెట్లు కనిపిస్తుంది. చూడటానికి భలే ఉంటుంది.

మూడోది కరెన్సీ. పర్చేజ్‌తో పాటు కరెన్సీ కోడ్ పంపకపోతే ఆ అమ్మకం విలువ జీఏ4 రాబడి లెక్కల్లోకి సరిగా చేరదు. అమెరికాకు కూడా పంపే షాపులైతే డాలర్ ఆర్డరుకు రూపాయి కోడ్ వెళ్తోందేమో చూసుకోవాలి.

జీఎస్టీ, షిప్పింగ్ కలపాలా వద్దా అని కూడా అడుగుతారు. ఏదైనా ఫరవాలేదు, అన్ని చోట్లా ఒకేలా ఉంటే చాలు.

సీఓడీ ఆర్డర్లను పర్చేజ్‌గా పంపాలా? సగం వెనక్కి వచ్చేస్తున్నాయి.

ఈ ప్రశ్నకు అందరికీ సరిపోయే జవాబు లేదు. ఆర్‌టీఓ (డెలివరీ కాక వెనక్కి వచ్చే పార్శిళ్లు) తక్కువగా ఉన్న షాపులు ఆర్డరు పడగానే పర్చేజ్ పంపేయొచ్చు. అదే మంచిది కూడా, ఎందుకంటే యాడ్స్ అల్గారిదమ్‌కు కబురు ఎంత తొందరగా చేరితే అంత మేలు. కానీ మీరు చెప్పినట్టు సగం వెనక్కి వస్తుంటే, పార్శిల్ తీసుకోని మనుషులనే వెతికి తెమ్మని మెటాకు మీరే నేర్పిస్తున్నట్టు.

మధ్యేమార్గం ఒకటుంది. సీఓడీ ఆర్డరు పడ్డాక ఎలాగూ ఫోన్ చేసో వాట్సాప్‌లోనో కన్ఫర్మ్ చేయించుకుంటారు. ఆ కన్ఫర్మేషన్ రాగానే సర్వర్ నుంచి పర్చేజ్ పంపండి. కొన్ని గంటల ఆలస్యమే తప్ప డెలివరీ దాకా ఆగక్కర్లేదు. డెలివరీ అయ్యాక పంపుదామంటే వారం పడుతుంది, అంత ఆలస్యంగా వచ్చే కబురుతో యాడ్స్ నేర్చుకునేది తక్కువ.

వెనక్కి వచ్చినవాటిని జీఏ4లో రిఫండ్ ఈవెంట్‌తో తీసేయొచ్చు. గూగుల్ యాడ్స్‌లో ట్రాన్సాక్షన్ ఐడీ ఆధారంగా కన్వర్షన్ అడ్జస్ట్‌మెంట్ అప్‌లోడ్ చేస్తే రద్దవుతుంది, 55 రోజుల లోపు చేయాలి. మెటాలో అంత శుభ్రమైన దారి లేదు. అందుకే మెటా యాడ్స్ ఎక్కువగా నడిపేవాళ్లకు కన్ఫర్మేషన్ దగ్గర పంపే పద్ధతే నయం.

షాపిఫైలో చెక్‌అవుట్ మారిన తర్వాత ట్రాకింగ్ పోయింది. ఏం జరిగింది?

థ్యాంక్యూ పేజీ కోసం సెట్టింగ్స్‌లో ‘అడిషనల్ స్క్రిప్ట్స్’ అనే పెట్టె ఉండేది. అందరూ కోడ్‌లన్నీ అందులోనే పెట్టేవారు. షాపిఫై దాన్ని ఎత్తేస్తోంది. ప్లస్ ప్లాన్ షాపులకు 2025 ఆగస్టు 28, మిగతా షాపులకు 2026 ఆగస్టు 26 గడువులు పెట్టింది. కొత్త పద్ధతిలో కోడ్ ‘కస్టమర్ ఈవెంట్స్’ కింద పిక్సెల్‌గా ఉండాలి.

పాత కోడ్‌ను అలాగే తెచ్చి అక్కడ అతికిస్తే పనిచేయదు. కస్టమ్ పిక్సెల్ పేజీతో సంబంధం లేని వేరే గదిలాంటి శాండ్‌బాక్స్‌లో నడుస్తుంది, పేజీలో ఏముందో దానికి కనబడదు. ధరను పేజీలోంచి చదివే పాత కోడ్‌కు అక్కడ చదవడానికి ఏమీ ఉండదు. చెక్‌అవుట్ కంప్లీటెడ్ ఈవెంట్ వచ్చినప్పుడు షాపిఫై ఇచ్చే డేటానే వాడాలి. ట్యాగ్ మేనేజర్ ప్రివ్యూ కూడా అక్కడ సరిగా అతుక్కోదు, అది చూసి ట్యాగ్ పోలేదని కంగారు పడొద్దు. నెట్‌వర్క్ ట్యాబ్‌లో చూడండి.

మన దగ్గర చాలామంది షాపిఫై చెక్‌అవుట్ బదులు ఫోన్ నంబరు కొడితే అడ్రసు తనంతట తనే వచ్చే వన్-క్లిక్ చెక్‌అవుట్లు పెడుతున్నారు. వాటి లోపల జరిగే దశలు షాపిఫై పిక్సెల్‌కు తెలియవు. ఆ చెక్‌అవుట్ డ్యాష్‌బోర్డులో పిక్సెల్ ఐడీలు ఇచ్చే చోటు ఉందేమో అడగండి. ఇచ్చాక షాపిఫై వైపు పర్చేజ్ కూడా నడుస్తోందా అని చూసుకోండి, లేకపోతే పైన చెప్పిన డబుల్ లెక్క మొదలవుతుంది.

వూకామర్స్‌లో?

ముందు స్పీడ్ ప్లగిన్‌ను అనుమానించండి. పేజీ వేగం కోసం జావాస్క్రిప్ట్‌ను ఆలస్యం చేసే సెట్టింగ్ ఉంటుంది. కస్టమర్ స్క్రీన్ తాకేదాకా ఏ స్క్రిప్టూ నడవదు. థ్యాంక్యూ పేజీలో ఎవరు ఏం తాకుతారు? ఆర్డరు నంబరు చూసి మూసేస్తారు. ట్యాగ్ స్క్రిప్టులను ఆ ఆలస్యం నుంచి మినహాయించండి. కార్ట్, చెక్‌అవుట్, ఆర్డర్ రిసీవ్డ్ పేజీలను ప్లగిన్ క్యాష్ చేయకుండా, అంటే దాచిన పాత కాపీ చూపించకుండా, చూడండి.

గూగుల్ యాడ్స్‌లో మాత్రమే కన్వర్షన్లు లేవు. జీఏ4లో అమ్మకాలు కనిపిస్తున్నాయి.

జీక్లిడ్ దారిలో రాలిపోతోందేమో చూడండి. ఇది యాడ్ నొక్కినప్పుడు గూగుల్ లింకు చివర తగిలించే గుర్తు. మీ సైటు లింకు చివర ప్రశ్నార్థకం పెట్టి, జీక్లిడ్ ఈక్వల్‌టు టెస్ట్ అని ఇంగ్లిష్‌లో కొట్టి తెరవండి. పేజీ వచ్చాక అడ్రస్ బార్‌లో అది ఇంకా ఉండాలి. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్న అడ్రసు నుంచి లేనిదానికి, ఇంగ్లిష్ పేజీ నుంచి తెలుగు పేజీకి మళ్లించేటప్పుడు చాలా సైట్లలో అది మాయమవుతుంది. ఆటో-ట్యాగింగ్ ఆన్‌లో ఉందా, ట్యాగ్ మేనేజర్‌లో కన్వర్షన్ లింకర్ ట్యాగ్ అన్ని పేజీల్లో నడుస్తోందా అన్నది కూడా చూడండి.

ఇవన్నీ బాగుంటే ఎన్‌హాన్స్‌డ్ కన్వర్షన్స్ ఆన్ చేయండి. కస్టమర్ ఈమెయిల్, ఫోన్‌ను హ్యాష్ చేసి (అసలుది కనబడకుండా కోడ్‌గా మార్చి) పంపడం వల్ల కుకీలు నిలవని చోట కూడా కొంత జత కుదురుతుంది. ఐఫోన్ సఫారీలో జావాస్క్రిప్ట్‌తో పెట్టిన కుకీలు మహా అయితే 7 రోజులే బతుకుతాయి, యాడ్ లింకు నుంచి వచ్చినవి కొన్ని ఒక్క రోజే. ‘నెల క్రితం యాడ్ చూసి ఇప్పుడు కొన్నారు’ అన్నది అక్కడ కుకీలతో తేలదు.

మెటాలో ‘మ్యాచ్ క్వాలిటీ’ తక్కువ అని ఎర్రగా చూపిస్తోంది.

మీరు పంపిన వివరాలతో మెటా తన యూజర్లను ఎంతవరకు గుర్తుపడుతోందో చెప్పే అంకె అది. ఫోన్ నంబరు ముందు 91 లేకుండా హ్యాష్ చేస్తున్నారేమో చూడండి. పది అంకెలకూ, 91తో కలిపిన పన్నెండు అంకెలకూ వచ్చే హ్యాష్ వేరు, జత కుదరదు. ఈమెయిల్‌ను చిన్న అక్షరాల్లోకి మార్చి, అటూఇటూ ఖాళీలు తీసేసి హ్యాష్ చేయాలి. మన కస్టమర్లు ఈమెయిల్ బాక్స్‌లో నోటికొచ్చింది కొడతారు గానీ ఫోన్ నంబరు మాత్రం నిజమైనదే ఇస్తారు, పార్శిల్ రావాలి కదా. కాబట్టి నంబరు సరిగా పంపితేనే చాలావరకు బాగవుతుంది.

ఉదయం ఆర్డర్లు నిన్నటి తేదీలో పడుతున్నాయి.

టైమ్ జోన్. జీఏ4లోనో యాడ్స్ ఖాతాలోనో అమెరికా పసిఫిక్ టైమ్ ఉండిపోయింది. అక్కడ అర్ధరాత్రి అంటే మనకు వేసవిలో మధ్యాహ్నం 12.30, చలికాలంలో 1.30. జీఏ4లో ఎప్పుడైనా మార్చొచ్చు. యాడ్స్ ఖాతాల్లో అంత సులువు కాదు, అందుకే కొత్త ఖాతా తెరిచేటప్పుడే చూసుకోవాలి.

వాట్సాప్ గ్రూపుల నుంచి బాగా వస్తారు. అంతా ‘డైరెక్ట్’లో కలిసిపోతోంది.

వాట్సాప్‌లో పంపే లింకులకు మీరే యూటీఎం (ఎక్కడి నుంచి వచ్చారో చెప్పే గుర్తులు: సోర్స్, మీడియం, క్యాంపెయిన్) తగిలించాలి. అక్షరాలు ఒకేలా రాయండి, పెద్ద అక్షరాల వాట్సాప్, చిన్న అక్షరాల వాట్సాప్ జీఏ4కు వేరువేరు. మీడియం దగ్గర ‘స్టేటస్ ఆఫర్ దసరా’ అని సొంత పేర్లు పెడితే అన్‌అసైన్డ్‌లోకి పోతుంది. అలాంటి పేర్లు క్యాంపెయిన్ దగ్గర పెట్టుకోండి. మీ సైటు లోపలి బ్యానర్లకు మాత్రం యూటీఎం ఎప్పుడూ పెట్టొద్దు, వచ్చిన అసలు దారి చెరిగిపోతుంది.

కుకీ బ్యానర్ పెట్టాక లెక్కలు సగానికి పడిపోయాయి. బ్యానర్ తప్పనిసరా?

యూరప్‌లో ఉన్నవాళ్లకు యాడ్స్ చూపిస్తుంటే, 2024 మార్చి నుంచి గూగుల్ కన్సెంట్ మోడ్ (కస్టమర్ కుకీలకు ఒప్పుకున్నారో లేదో గూగుల్‌కు చెప్పే ఏర్పాటు) కొత్త వెర్షన్ అడుగుతోంది. లండన్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఉన్న మనవాళ్లకు పచ్చళ్లు పంపే షాపులకు ఇది వర్తిస్తుంది. చాలా బ్యానర్ ప్లగిన్లు ‘ఒప్పుకునేదాకా అంతా బంద్’ అనే సెట్టింగ్‌ను ప్రపంచమంతటికీ పెట్టేస్తాయి. విజయవాడ కస్టమర్ బ్యానర్‌ను పట్టించుకోకుండా కొనేస్తే ఆ ఆర్డరు పూర్తిగా లెక్కలోకి రాదు. కన్సెంట్ డిఫాల్ట్‌ను ప్రాంతాల వారీగా పెట్టొచ్చు, పెట్టించండి.

మన దగ్గర 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. అవి దశలవారీగా అమల్లోకి వస్తాయి కాబట్టి మీ షాపుకు ఏవి ఎప్పటి నుంచో తెలిసినవాళ్లను అడగండి. చట్టం మాట అటుంచినా, ఈ రోజే చూసుకోవాల్సింది ఒకటుంది: థ్యాంక్యూ పేజీ లింకులో కస్టమర్ ఫోన్ నంబరు గానీ ఈమెయిల్ గానీ కనబడుతోందా? కనబడితే అది నేరుగా అనలిటిక్స్‌కు పోతోంది. గూగుల్ నిబంధనలు దాన్ని ఒప్పుకోవు.

సర్వర్-సైడ్ ట్యాగ్ మేనేజర్ పెట్టిస్తే అన్నీ సర్దుకుంటాయని ఏజెన్సీ అంటోంది. నిజమేనా?

కాదు. అది బ్రౌజర్ పంపే ఈవెంట్లను వేరే సర్వర్ (కంటైనర్) మీదుగా పంపే ఏర్పాటు. థ్యాంక్యూ పేజీకి కస్టమర్ రాకపోతే ఆ కంటైనర్‌కు చేరేది కూడా ఏమీ ఉండదు. నెలనెలా క్లౌడ్ బిల్లు మాత్రం చేరుతుంది. పైన చెప్పిన వెబ్‌హుక్ పని ముందు చేయించండి.

పోయిన డేటాను వెనక్కి తెచ్చుకోవచ్చా?

జీఏ4లోకి రాదు. గూగుల్ యాడ్స్‌లో జీక్లిడ్లు ఆర్డరుతో దాచి ఉంటే ఆఫ్‌లైన్ కన్వర్షన్లుగా కొంత ఎక్కించొచ్చు. అంతకంటే ముఖ్యమైనది స్మార్ట్ బిడ్డింగ్‌కు ఆ తప్పుడు రోజులను మరిపించడం. గూగుల్ యాడ్స్‌లో ‘డేటా ఎక్స్‌క్లూజన్’ అని ఉంది, ఫలానా తేదీల డేటాను పట్టించుకోవద్దని చెప్పడానికి. అది క్లిక్ తేదీల ప్రకారం పనిచేస్తుంది కాబట్టి, ట్రాకింగ్ పాడైన రోజుకు కాస్త ముందు నుంచే తేదీలు ఇవ్వండి. ముందు క్లిక్ చేసి పాడైన రోజుల్లో కొన్నవాళ్లూ తప్పిపోయి ఉంటారు.

జీఏ4లో ఎక్స్‌ప్లోర్ డేటా డిఫాల్ట్‌గా 2 నెలలే ఉంటుంది. దాన్ని ఈ రోజే 14 నెలలు చేయండి. లేకపోతే వచ్చే ఏడాది సంక్రాంతిని ఈ ఏడాదితో పోల్చాలన్నప్పుడు ఏమీ దొరకదు.

బాగు చేశాక పరీక్షించడం ఎలా?

జీఏ4 డీబగ్‌వ్యూలో (ఈవెంట్లను అప్పటికప్పుడు చూపించే పేజీలో) పచ్చగా కనబడితే అయిపోయిందనుకోవద్దు. అది మీ ల్యాప్‌టాప్, మీ వైఫై. అయిదు రూపాయల టెస్ట్ ప్రోడక్ట్ ఒకటి పెట్టండి, ధర కామా పడేంత ఉన్నది ఇంకొకటి పెట్టండి. మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌లో, మొబైల్ డేటాపై, ఇన్‌స్టాగ్రామ్ లోపలి నుంచి లింకు నొక్కి యూపీఐతో కట్టండి. పచ్చ టిక్ రాగానే బ్రౌజర్‌కు తిరిగి రాకండి. అలా కట్టిన ఆర్డరు కూడా లెక్కలో పడితే పని అయినట్టు. తర్వాత సీఓడీ ఒకటి, ఐఫోన్‌లో ఒకటి, థ్యాంక్యూ పేజీ రెండుసార్లు రిఫ్రెష్ చేసి ఒకటి. రెండు రోజులు ఆగి మళ్లీ ఆ రెండు జాబితాలు పక్కపక్కన పెట్టి చూడండి.

దసరా, సంక్రాంతి సేల్‌కు ముందు వారంలో మాత్రం ట్రాకింగ్‌లో ఏదీ ముట్టుకోవద్దు.

ఏజెన్సీ మారుస్తున్నాం. ఏం అడిగి తీసుకోవాలి?

జీఏ4, ట్యాగ్ మేనేజర్, గూగుల్ యాడ్స్, మెటా బిజినెస్ మేనేజర్ నాలుగింటిలోనూ అడ్మిన్ హక్కు మీ సొంత ఈమెయిల్‌పై ఉండాలి. పిక్సెల్ ఏజెన్సీ బిజినెస్ మేనేజర్‌లో ఉంటే బిల్లు తేలక ముందే మీ దానిలోకి మార్పించుకోండి. తర్వాత ఫోన్ ఎత్తరు.